ఓడనీళ్ల కాఫీ

పాశమైలారం లోపలి రోడ్డు మీద మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు దాటాక ఒక మలుపు వస్తుంది. ఆ మలుపు వచ్చేదాకా కంపెనీ బస్సులో అందరూ ముక్కులకు చున్నీలు, జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. మలుపు తిరగ్గానే తీసేస్తారు. అక్కణ్నుంచి వేయించిన కాఫీగింజల వాసన మొదలవుతుంది. మహిత మూడున్నరేళ్లుగా ఆ బస్సెక్కుతోంది. ఆ మలుపు దగ్గర ఏనాడూ ఫోను చూసుకుంటూ కూర్చున్న పాపాన పోలేదు. పొద్దున్నే ఎవరో తనకోసమే వేయించి పెట్టినట్టు, కళ్లు మూసుకుని ఆ వాసనను కడుపు నిండా పీల్చుకునేది.

ఆ కంపెనీ కాఫీ మన ఊళ్లలో దొరకదు. సముద్రం మీద వారాల తరబడి తిరిగే విహార ఓడల కోసం చిక్కటి డికాక్షన్ తీసి, పది లీటర్ల సంచుల్లో నింపి, అట్టపెట్టెల్లో పంపుతారు. ఓడలో యంత్రం ఒక పాలు డికాక్షన్‌కు ముప్ఫై పాళ్లు వేడినీళ్లు కలిపి మూడు వేల మందికి కప్పులు నింపుతుంది. ఆ నీళ్లు సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసేసినవి. వాటికి రుచీ పచీ ఉండదు. అందుకని కంపెనీ రుచిగదిలో ఒక మూల నీలం డబ్బా పెట్టి, అచ్చం అలాంటి నీళ్లనే కొలత ప్రకారం తయారు చేసి అందులో పోసేవారు. వాటి పేరు ఓడనీళ్లు. మన కొళాయిలో వచ్చే మంజీర నీళ్లతో కలిపి చూసి బాగుందంటే కుదరదు. ఓడనీళ్లతో బాగుంటేనే సరుకు గేటు దాటేది.

రుచిగదిలో ముగ్గురు. సుకుమారి, దేవసహాయం, మహిత. ముగ్గురి ముందూ వరసగా కప్పులు పెడతారు. చెంచాతో తీసుకుని, చప్పుడయ్యేలా లోపలికి జుర్రి, నోరంతా తిప్పి, స్టీలు చెంబులో ఉమ్మేయాలి. తర్వాత తెల్లకార్డు మీద పదికి ఎన్నో వేసి బోర్లా పెట్టాలి. ఏ ఒక్క కార్డులోనైనా ఆరు కంటే తక్కువ పడితే ఆ సరుకు ఆగిపోతుంది. మాట్లాడుకోకూడదు. ఒకరి కార్డు ఒకరు చూడకూడదు. సుకుమారికి యాభై రెండేళ్లు. పటాన్‌చెరు చర్చిలో పాటల గుంపులో ముందు నిలబడే మనిషి. దేవసహాయానికి రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంది. మహిత అందరికంటే చిన్నది, ఫుడ్ టెక్నాలజీ చదివి వచ్చింది. చెడ్డ కప్పు తగిలితే ఆమె ఎడమ కనుబొమ్మ తనంతట తానే పైకి లేచేది. ఆ సంగతి ఆమెకు మొన్నమొన్నటిదాకా తెలియదు.

గోడకు ఓడవాళ్లు పంపిన క్యాలెండరు. తెల్లటి ఓడ, పైఅంతస్తులో కమ్మీకి ఆనుకుని ఒక ముసలి దొర, దొరసాని. ఇద్దరి చేతుల్లో తెల్ల కప్పులు. దాని పక్కనే, ఓడలో తిరిగొచ్చినవాళ్లు ఇంటర్నెట్‌లో రాసిన మాటల్ని మేనేజరు చంద్రకాంత్ తెలుగులోకి మార్చి అతికించేవాడు. ‘రోజుకు నాలుగు విందులు, ఒక్క మంచి కాఫీ చుక్క లేదు.’ ‘పైన కాఫీ అని రాసి ఉంది కాబట్టి కాఫీ అనుకున్నాను.’ ‘పడక బ్రహ్మాండం, సముద్రం బ్రహ్మాండం, కాఫీ మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లు.’ మహిత చేరిన కొత్తలో అలాంటివి గోడ నిండా ఉండేవి. ఇప్పుడు నెలకు ఒకటో రెండో. అందులో తన వాటా ఉందని ఆమెకు లోలోపల ఎంత గర్వమో.

పెళ్లయిన మూడో రోజే ఆ క్యాలెండరు ఫోటో శ్రావణ్‌కుమార్‌కు చూపించింది. అతను ఇస్నాపూర్ దగ్గర లారీల గేర్లు చేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజరు.

"ఈ కప్పుల ఉన్నది నేను పాస్ చేసిందే, తెలుసా?"

శ్రావణ్ ఫోను దగ్గరికి పెట్టుకుని చూశాడు. "గా ముసలాయన మొకం సూడు మహీ. పెండ్లాం కొడతదని తాగుతున్నట్టుంది."

"పో! మంచిగున్నదని కండ్లు మూసుకున్నడు."

"సరే తియ్. ఎప్పుడన్నొకసారి మనం గూడ ఎక్కుదాం. సముద్రం నడుమ కూసోని నువ్వు పాస్ చేసిన కాఫీ తాగుదాం. బాలేదనుకో, నిన్ను ఆడ్నే దింపేసి వస్త."

ఆ మాటకు ఆమె రెండు రోజులు నవ్వుకుంది. ఆ నెలంతా ఆమె పని నవ్వుకోవడమే. ఇద్దరి బట్టలూ ఒకే బకెట్‌లో నానడం చూసి నవ్వింది. గ్యాస్ పొయ్యి మొదటిసారి వెలిగించి నవ్వింది. రుచిగదిలో పూలు, పౌడరు, వాసన నూనె పనికిరావు. కొత్త పెళ్లికూతురు ఆరు రోజులు బోసి జడతో తిరిగి, ఆదివారం పొద్దున్నే రెండు మూరల మల్లెలు ఒకేసారి పెట్టుకునేది. మెడలో పుస్తెల తాడుకు పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. మొదటి రోజు దేవసహాయం తన కప్పు వాసన చూసి, "ఇయ్యాల హల్దీ కాఫీ పెట్టిన్రేంది?" అన్నాడు. తాడు వాసన బయటికి రాకుండా చూసుకొమ్మని చంద్రకాంత్ మొహమాటపడుతూనే అడిగాడు. ఆనాటి నుంచి ఆమె పని మొదలు పెట్టేముందు తాడును లోపలికి తోసి పైగుండీ దాకా పెట్టుకునేది. మధ్యాహ్నం చేయి కడుక్కుని బయటికి రాగానే తాడు పైకి లాగి ఒకసారి ముక్కుకు ఆనించుకునేది. పసుపు, చెమట, కొంచెం కొత్త బీరువా. శ్రావణ్ చొక్కా వాసన చూసి ఆ రోజు అతను ఏ మిషను దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడో చెప్పేది. "పోలీసు కుక్కను చేసుకున్న" అనేవాడతను.

పెళ్లయి నెల తిరక్కుండానే జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం మీద ఉండి లేచింది. ఐదో రోజు సాయంత్రం శ్రావణ్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, ఆమె రెండు కిటికీలూ తీసి, కుర్చీ వేసుకుని, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

"గదేంది, కిటికీలన్ని బార్లా తెరిసినవ్?"

"గాలి మంచిగొస్తుంది. జెర కూసో, సల్లగుంది."

"గాలి మంచిగొస్తుందా? పరాచికాలాడకు మహీ. బండి మీద వస్తుంటెనే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఒక్కటే గబ్బు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. అప్పుడు కిటికీలోంచి చూసింది. ఎదురింటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఇంటి ఓనరు ముత్యమ్మ కొంగు ముక్కుకు అదుముకుని, దండెం మీది బట్టలు ఒంటిచేత్తో లాగి చంకలో కుక్కుకుంటూ పరుగెడుతోంది. ఈ ఫ్యాక్టరీల బెల్టులో పుట్టిన పిల్లలు నడక కంటే ముందు నేర్చుకునేది అదే. గాలి మారగానే కిటికీలు వేయడం. మహిత సంగారెడ్డిలో పుట్టి ఇక్కడే పెరిగింది. ఆమెకు గాలి మారినట్టు తెలియలేదు.

లేచి శ్రావణ్ దగ్గరికి వచ్చి చొక్కాకు ముఖం ఆనించింది. గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. గుడ్డ తగిలింది, గుండీ తగిలింది. ఇంకేమీ లేదు. పుస్తెల తాడు లాగి చూసుకుంది. వంటింట్లోకి పరుగెత్తి కాఫీపొడి డబ్బా మూత తీసి ముక్కు అందులో పెట్టింది. పొడి మీసంలా పైపెదవికి అంటింది. శ్రావణ్ వెనకనుంచి చూసి అలవాటుగా ఏదో జోకు వేయబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

డాక్టరు టార్చి వేసి చూశాడు. "జ్వరం తర్వాత కొందరికి ఇట్లయితది. మూడు నెలలల్ల వస్తది. పరేషాన్ కావద్దు" అన్నాడు. రోజూ పొద్దున లవంగం, నిమ్మతొక్క, యూకలిప్టస్ ఆకు, కాఫీపొడి వరసగా వాసన చూస్తూ, పాత వాసనను గుర్తు చేసుకొమ్మన్నాడు. ఆమె నాలుగు చిన్న సీసాలు కొని, మూతలకు రంగు కాగితాలు అంటించి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకుంది. మొదటి వారం అదొక ఆటలా చేసింది. శ్రావణ్ కళ్లకు గంతలు కట్టి సీసా ముక్కు కింద పెట్టేవాడు. ఆమె "లవంగం!" అనేది. అతను "కరెక్ట్!" అనేవాడు. అది నిమ్మతొక్కో ఆకో ఆమె అడగలేదు.

కంపెనీలో చెప్పలేదు. చెబితే రుచిగదిలోంచి తీసేస్తారు. మూడు నెలలే కదా, అంతలో వచ్చేస్తుంది కదా అనుకుంది. పుల్లదనం, చేదు నాలుకకు తెలుస్తూనే ఉన్నాయి. మిగిలిందానికి సుకుమారి ఉంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. జుర్రేటప్పుడు ఓరకంట ఆమె పెదవుల వంక చూస్తే చాలు. పెదవులు బిగిస్తే ఐదు. మామూలుగా ఉంటే ఎనిమిది. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు వారాల తర్వాత ఒక మంగళవారం నాలుగో కప్పు వచ్చింది. మహిత జుర్రింది. చేదు సరిగానే ఉంది. సుకుమారి వంక చూసింది. సుకుమారి తనవంకే చూస్తోంది. ముఖం మామూలుగా ఉంది, పెదవులు మామూలుగా ఉన్నాయి. మహిత ఎనిమిది వేసింది. దేవసహాయం ఆ కప్పును రెండుసార్లు నోట్లోకి తీసుకున్నాడు. ఇద్దరి వంకా చూశాడు. ఉమ్మేసి ఏదో రాసి కార్డు బోర్లించాడు. ఎనిమిది, ఎనిమిది, ఏడు. సరుకు గేటు దాటింది.

నలభై రోజులకు వీడియో వచ్చింది. చంద్రకాంత్ రుచిగది తలుపు వేసి, ఫోను బల్ల మీద నిలబెట్టి చూపించాడు. ఓడ పైఅంతస్తు, క్యాలెండర్లో ఉన్నట్టే తెల్లటి కమ్మీ, దాని వెనక నీలం సముద్రం. పెద్దావిడ ఒకామె తెల్ల కప్పులోంచి ఒక గుక్క తాగింది, ముఖం ముడుచుకుంది. కప్పును కెమెరాకు చూపించి, చేయి చాపి, నల్లటి కాఫీని నిదానంగా సముద్రంలోకి ఒంపేసింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆస్పత్రి నేల కడిగిన నీళ్లలా ఉందని రాశారు. ట్యాంకు కడిగిన మందు పైపులో మిగిలిపోయి సరుకులో కలిసింది. ఓడ నడిసముద్రంలో ఉంది, వేరే కాఫీ లేదు. మూడు వేల మంది ఆరు రోజులు అదే తాగారు, లేకపోతే తాగడం మానేశారు.

"రేపు పొద్దున మీ ముగ్గురికి టెస్ట్ పెడుతున్న" అన్నాడు చంద్రకాంత్. గొంతు పెంచలేదు. "మూడు కప్పులు పెడత. ఒకదాంట్ల మనం శాంపిల్‌కు దాచిన ఆ సరుకే ఉంటది. ఏదో చెప్పున్రి. గంతే."

మర్నాడు టెస్టుకు ముందు మహిత చేతులు కడుక్కునే చోట నిలబడి ఉంది. నీళ్లు పోతూనే ఉన్నాయి. సుకుమారి వచ్చి కొళాయి కట్టేసింది.

"బిడ్డా, నీతోని ఒక మాట. కోపం చేస్కోకు." ఆమె గొంతు చర్చిలో పాడే గొంతులా లేదు. "ఇయ్యాల నీకు ఏ కప్పుల వాసనొస్తే, ఎప్పటి తీరుగ కనుబొమ్మ లేపు. నేను సూసుకుంట."

"నా కనుబొమ్మనా?"

"నీది ఎడమది లేస్తది. నువ్వొచ్చినప్పటి సంది దాన్ని సూసే రాస్తున్న. దానికి ముందు దేవసహాయమన్న మొకం సూస్తుంటి. ఆయన మొకంల ఏముంటది, మన్ను? అన్నిటికి ఏడే." నవ్వబోయి మానేసింది. "నాకు ముక్కు లేదు బిడ్డా. రెండోసారి కరోనా వచ్చినప్పుడు పోయింది. మా ఆయన పోయిండు, ముక్కు పోయింది. ఉద్యోగమన్న ఉండనియ్ ప్రభువా అని నోరు మూస్కున్న."

మహిత కొళాయిని పట్టుకుంది. అడగకూడదని ఉంది, అడక్కుండా ఉండలేకపోయింది.

"డాక్టర్‌కు చూపించినవా అక్కా?"

"సూపించిన. మూడు నెలలల్ల వస్తదన్నడు. లవంగాలు, నిమ్మకాయ వాసన సూడమన్నడు. ఏడాది సూసిన." సుకుమారి ఆమె ముఖంలోకి చూసింది. కాసేపు చూసింది. ఇన్నేళ్లుగా ఆ ముఖాన్ని చదివి బతికిన మనిషి కాబట్టి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. "అయ్యో, ఎప్పటి సంది?"

"యాభై నాలుగు రోజులు."

"నాది నాలుగేండ్లు" అంది సుకుమారి. ఓదార్చడానికి అన్నదో, లెక్క చెప్పడానికి అన్నదో ఆమెకే తెలియదు. మహితకు ఇంటి కిటికీ గట్టు మీద నాలుగు సీసాలు, వాటి రంగు కాగితాలు కళ్లముందు కనిపించాయి. ఆ కాగితాలను ఎంత ముచ్చటపడి కత్తిరించిందో.

రుచిగదిలో ముగ్గురి ముందూ మూడేసి కప్పులు. మహిత ఒకటో కప్పు జుర్రింది. రెండోది జుర్రింది. మూడోది కూడా. వేడి, చేదు, ఓడనీళ్లు. మూడూ ఒకటే. ఏదో ఒకటి చెప్పవచ్చు. చెప్పింది సరైనదైతే రేపూ ఈ కుర్చీలోనే కూర్చోవచ్చు. అప్పుడు సుకుమారి మళ్లీ ఈ కనుబొమ్మ వంకే చూస్తుంది. చూసి ఎనిమిది రాస్తుంది.

చెంచా కింద పెట్టింది. "నాకు తెలుస్తలేదు సార్. జ్వరమొచ్చినప్పటి సంది ముక్కు పని చేస్తలేదు. ఆ మంగళవారం సుకుమారక్క మొకం సూసి రాసిన."

సుకుమారి తలొంచుకుంది. "నేను ఆమె మొకం సూసి రాసిన సార్."

చంద్రకాంత్ కుర్చీలో కూలబడ్డాడు. దేవసహాయం తన రెండో కప్పును ముందుకు జరిపాడు. "ఇదే సార్ ఆ సరుకు. దగ్గరికి తెస్తెనే తెలుస్తుంది. ఆ రోజు గూడ నాకొచ్చింది మందు వాసన."

"వస్తే ఏడెట్ల ఏసినవయ్యా!"

"ఈ పిల్ల కనుబొమ్మ లేవలే. సుకుమారమ్మ మూతి తిరగలే." అతను చెంచాను కప్పు పక్కన పెట్టాడు. "ఇద్దరికి రాని వాసన నాకొక్కనికే వస్తే, నాదే ముసలి ముక్కయింది అనుకున్న సార్. ఇంట్ల గూడ గట్లనే అంటరు."

ఓడవాళ్లు ఆ వారమే వేరే చోటు చూసుకున్నారు. డికాక్షన్ లైను ఆపేశారు. రుచిగదికి తాళం పడింది. దేవసహాయాన్ని ఏడాది ముందే ఇంటికి పంపారు, సుకుమారిని రాజీనామా రాయించుకుని పంపారు. ఆమె గేటు దగ్గర మహిత తల మీద చేయి వేసి ఏదో ప్రార్థన చేయబోయి, ఏమీ రాక, చేయి తీసేసి వెళ్లిపోయింది. మహిత చిన్నదని, చదువుకుందని, ఎగుమతి కాఫీపొడి డబ్బాలకు లేబుళ్లు అతికించే సెక్షన్లో పెట్టారు. అక్కడ పూలు పెట్టుకోవచ్చు, వాసన నూనె రాసుకోవచ్చు, పుస్తెల తాడు పైకి వేసుకోవచ్చు. ఆమె ఒక్కరోజు కూడా పూలు పెట్టుకోలేదు.

తొంభయ్యో రోజు ఆదివారం పడింది. శ్రావణ్ పొద్దున్నే పోయి రెండు మూరల మల్లెలు తెచ్చాడు. ఆమె వద్దనలేదు. తల్లో పెట్టుకుంది, బరువు తెలిసింది. నాలుగు సీసాలూ వరసగా తీసింది. లవంగం దగ్గర కళ్లు మూసుకుని, పూర్వపు లవంగాన్ని గుర్తు చేసుకోబోయింది. అప్పుడు తెలిసింది, అదీ గుర్తు రావడం లేదని. మాట మిగిలింది, వాసన గుర్తులోంచి కూడా పోయింది. శ్రావణ్ చొక్కాది ఎట్లుండేది? నూనె, ఇనుము అని నోటితో అనగలదు. అంతే.

సీసాలు ఒక్కొక్కటే మూతలు పెట్టి, అయినా మొండిగా పోయి పాలు పెట్టింది. అతనికి ఇష్టమైన తీరులో, పాలు సగానికి మరిగించి, చిక్కటి డికాక్షన్ పోసి, రెండు గ్లాసులు తెచ్చింది.

"ఎట్లుంది?"

శ్రావణ్ ఒక గుక్క తాగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. పెళ్లయిన కొత్తలో చూసినట్టు కాదు, ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత గ్లాసెత్తి ఆపకుండా అడుగుదాకా తాగేశాడు. "మస్తుంది మహీ. గా ఓడోళ్లకు నసీబు లేదు."

ఆమె మురిసింది. ఒక్క నిమిషం నిజంగానే మురిసింది, పాత మహితలా పెదవి కొరుక్కుని. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పాలగిన్నెలో నీళ్లు పోయబోయి ఆగింది. అడుగంతా నల్లగా మాడి ఉంది. వేలితో గీరితే పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఇల్లంతా మాడు వాసన నిండిపోయి ఉంటుంది. ఎదురింటిదాకా పోయి ఉంటుంది. తను కాస్తున్నంతసేపూ, తెచ్చి ఇస్తున్నంతసేపూ, ఎట్లుందని అడిగేటప్పుడు కూడా.

ముందుగదిలో అతను టీవీ పెట్టాడు. ఆమె పిలవలేదు, అడగలేదు. అడిగితే ఇంకోసారి మస్తుందంటాడు. తన గ్లాసులో మిగిలిన కాఫీని సింకులో ఒంపింది. గిన్నె తోముతూ తలెత్తి కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. అక్కడ ఒక కిటికీ రెక్క పడింది. ఆ పక్కది పడింది. ముత్యమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుని దండెం దగ్గరికి పరుగెడుతోంది. గాలి మారింది కాబోలు. లేకపోతే తన గిన్నెదే కావచ్చు. తేడా చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

మహిత తడిచేత్తోనే కిటికీ మూసి గడియ పెట్టింది.